గాలియం దగ్గర తప్పే లెక్క

ఆవర్తన పట్టికలో గ్రూపులో (నిలువు వరుసలో) కిందికి దిగితే పరమాణువు పెద్దదవుతుంది, పీరియడ్‌లో (అడ్డు వరుసలో) కుడికి జరిగితే చిన్నదవుతుంది. ఇది అందరికీ కంఠతా వచ్చిన సూత్రమే. వ్యాసార్థాలు చూడండి: సోడియం 186 పికోమీటర్లు (మీటరులో లక్ష కోట్లవ వంతులు), మెగ్నీషియం 160, అల్యూమినియం 143. ప్రోటాన్లు పెరుగుతున్నా కొత్త ఎలక్ట్రాన్లు అదే కర్పరంలో (ఎలక్ట్రాన్ల పొరలో) చేరతాయి. అవి ఒకదానికొకటి పెద్దగా అడ్డు రావు కాబట్టి కేంద్రకం గట్టిగా లోపలికి లాగుతుంది.

మార్కులు పోయేది అల్యూమినియం కిందున్న గాలియం దగ్గర. ఒక కర్పరం ఎక్కువున్నా దాని వ్యాసార్థం 135 మాత్రమే. మధ్యలో స్కాండియం నుంచి జింక్ దాకా పది మూలకాలు దాటి వచ్చాం కదా! 3డి ఆర్బిటాళ్లలో (మూడో కర్పరంలో ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం చోట్లలో) చేరిన పది ఎలక్ట్రాన్లు, పెరిగిన పది ప్రోటాన్ల ఆకర్షణను పూర్తిగా కప్పలేవు. హాఫ్నియంకు ముందు నాలుగో కర్పరంలో నిండే 4ఎఫ్ ఎలక్ట్రాన్లయితే ఇంకా పల్చటి తెర. అందుకే జిర్కోనియం 160, దాని కిందున్న హాఫ్నియం 159. అయాన్ల (ఆవేశమున్న పరమాణువుల) సైజూ దాదాపు ఒకటే కావడంతో ఖనిజాల్లో రెండూ కలిసే ఉంటాయి, విడదీయడం తలనొప్పి. సాంద్రత మాత్రం రెట్టింపు: ఘన సెంటీమీటరుకు 6.5, 13.3 గ్రాములు.

పోల్చేముందు అది ఏ వ్యాసార్థమో చూడండి. క్లోరిన్ 99, ఆర్గాన్ 188 అని పక్కపక్కనే వేసే పట్టికలున్నాయి. మొదటిది సమయోజనీయ వ్యాసార్థం (బంధంలో ఉన్న రెండు పరమాణువుల మధ్య దూరంలో సగం), రెండోది వాండర్‌వాల్స్‌ది (బంధం లేకుండా పక్కపక్కన ఉన్న పరమాణువుల మధ్య దూరంలో సగం). ఈ రెంటినీ పోల్చకూడదు.

అయాన్లు వస్తే ముందు ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి. ఆక్సైడ్, ఫ్లోరైడ్, సోడియం, మెగ్నీషియం అయాన్లకు తలా పదే, ప్రోటాన్లు వరుసగా 8, 9, 11, 12. ఆక్సైడ్ 140 ఉంటే మెగ్నీషియం అయాన్ 72కి కుంచించుకుపోతుంది.