మా ఊరి పల్లపు పొలాల్లో లేఅవుట్: విచారణలో తేలినవి, తేలనివి

ఒడిశాలోని గంజాం జిల్లాలో, ముఖ్యంగా బరంపురం చుట్టుపక్కల, వరి పొలాలు ఇళ్ల స్థలాలుగా మారడం ఇవాళ కొత్త సంగతి కాదు. జాతీయ రహదారికి అటూ ఇటూ రంగు జెండాలు, సున్నపు గీతలు, మడుల్లో పాతిన సిమెంటు రాళ్లు కనిపించని ఊరు అరుదు. ఆ వరుసలో ఇప్పుడు మా ఊరి వంతు వచ్చింది. ఊరికి తూర్పున, గెడ్డకూ (వాగుకూ) బడి వీధికీ మధ్యనున్న 10 ఎకరాల పల్లపు భూమిని 120 ప్లాట్లుగా విడగొట్టి అమ్మడానికి ఒక సంస్థ దరఖాస్తు చేసుకుంది. ఆ భూమి రికార్డులో ‘శారద’ కిసమ్ (నేల రకం), అంటే వానాకాలపు వరి పండే నేల. దాన్ని ‘ఘరబారి’గా, అంటే ఇళ్ల స్థలంగా, మార్చాలంటే 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 8-ఎ సెక్షను కింద అనుమతి పొందాలి. ఆ దరఖాస్తు మీద విచారణకు రెవెన్యూ అధికారులు ఊరికి వచ్చినప్పుడు జరిగిన చర్చను, దానికి ముందు మేము చదివిన కాగితాలను వివరంగా రాసి ఉంచడం అవసరమనిపించింది. ఎందుకంటే రేపు ఇదే పరిస్థితి పక్క ఊరికీ రావచ్చు.

నోటీసు పంచాయతీ కార్యాలయం గోడ మీద ఒడియాలో అతికించారు. అందులో తప్పేమీ లేదు, అది రాష్ట్ర భాష. కానీ 1936లో ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చిన ఊళ్లలో, ఒడియా చక్కగా మాట్లాడుతూనే తెలుగు లిపి మాత్రమే చదవగలిగిన పెద్దవాళ్లు నేటికీ ఉన్నారు. ఆ పొలాలకు దిగువన భూములున్న రైతుల్లో చాలామంది అలాంటివారే. హైస్కూల్లో చదువుతున్న మనవలు నోటీసు చదివి చెబితే తప్ప, ఏ ప్లాటు నంబరు గురించి రాశారో వారికి తెలియలేదు. అందువల్ల మేము మొదట చేసిన పని అభ్యంతరం రాయడం కాదు. నోటీసునూ నక్షానూ (లేఅవుట్ పటాన్నీ) తెలుగులో తిరగరాసి వీధి వీధికీ అందించడం.

విచారణ రోజున మొదటి అరగంట దాదాపు వృథా అయిందని చెప్పక తప్పదు. బయటివాళ్లు వచ్చి పడతారని, ఊరి కట్టుబాట్లు చెడిపోతాయని కొందరు గట్టిగా మాట్లాడారు. ఆ మాటలు నాకు నచ్చలేదు. ఈ జిల్లా నుంచి సూరత్ మగ్గాల దగ్గరికి వెళ్లి, అక్కడి ఇరుకు గదుల్లో ఏళ్ల తరబడి ఉండి, కూడబెట్టిన డబ్బుతో సొంత నేలకు దగ్గరలో నాలుగున్నర డిసిమల్ (సెంట్లు) కొనుక్కోవాలనుకునే కుర్రాళ్లే ఇలాంటి లేఅవుట్లకు పెద్ద గిరాకీ. వారిలో మన వీధి పిల్లలూ ఉన్నారు. భూమి అమ్మిన రైతుల్ని కూడా నేను తప్పుపట్టలేను. కాలువ చివరి భూములకు నీరు అందని సంవత్సరాలే ఎక్కువైనప్పుడు, పిల్లలెవరూ నాగలి పట్టనప్పుడు, ఎవరైనా ఎంతకాలం ఆ నేలను పట్టుకుని కూర్చుంటారు? ఇల్లు కట్టుకోవద్దని ఎవరికీ చెప్పే హక్కు మనకు లేదు. ఆ ఇళ్లు మా నెత్తిన నీళ్లు పోయకుండా కట్టమని అడిగే హక్కు మాత్రం ఉంది.

చర్చ దారిలో పడింది ఒక పెద్దావిడ లేచి అడిగిన ప్రశ్నతోనే. “బాబూ, అక్కడ నాలుగడుగుల మెరక వేస్తామంటున్నారు గదా, మరి ఇన్నాళ్లూ అక్కడ నిలిచిన వాన నీరు ఎటు పోతుంది? మా వీధిలోకే గదా?” అని ఆమె తెలుగులో అడిగితే, పక్కనున్న మాస్టారు దాన్ని ఒడియాలో అధికారికి వివరించారు. సంస్థ తరఫున వచ్చిన ఇంజనీరు వాన నీటికి కాలువలు నక్షాలో చూపించామని జవాబిచ్చారు. చూపించిన మాట నిజమే. ప్రతి రోడ్డు పక్కనా కాలువ ఉంది. అవన్నీ కలిసి ఈశాన్య మూలకు చేరి, అక్కడ లేఅవుట్ సరిహద్దు గీత దగ్గర ఆగిపోయాయి. గీత అవతల ఏముందో ఆ నక్షాలో లేదు. అవతల ఉన్నది రెండు తూముల పాత కల్వర్టు, దాని దిగువన మా గెడ్డ.

ఈ విషయం కంటితో చూస్తే తెలిసేదే అయినా, కాగితం మీద లెక్కగా పెడితేనే కార్యాలయంలో దానికి విలువ. 10 ఎకరాల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దాని పరిమాణం సుమారు 40 లక్షల లీటర్లు. తుఫాను రోజుల్లో ఇది అసాధారణమైన వాన కాదు. జానెడు ఎత్తు గట్లున్న వరి మడి, అప్పటికే సగం నిండి ఉన్నా, ఆ వానలో ఎక్కువ భాగాన్ని తనలోనే పట్టుకుని నెమ్మదిగా కిందికి వదులుతుంది. అదే నేల మెరకయి, దాని మీద స్లాబులూ సిమెంటు రోడ్లూ గచ్చు వాకిళ్లూ వచ్చాక, పడిన వానలో చాలా భాగం గంటల్లోనే కాలువల్లోకి దిగి ఆ రెండు తూముల ముందు పోగవుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గాలి చేసిన నష్టం మాకు ఇంకా గుర్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గాలి కంటే నీరే ఎక్కువ భయపెట్టింది. బడి వీధిలో ఇళ్ల గడపల దాకా వచ్చిన నీరు లోపలికి రాకపోవడానికి కారణం, అప్పటికి తూర్పున ఆ పల్లం ఖాళీగా ఉండటమే. ఆనాటి ఫొటోలు కొందరి ఫోన్లలో దొరికాయి. బడి గోడ మీద మిగిలిన నీటి చారనూ కొలిచి, రెండింటినీ అభ్యంతరానికి జతపరిచాము.

మెరక గురించి ఇంకొక లెక్క కూడా ఉంది, దాన్ని మాత్రం విచారణలో ఎవరూ ఊహించలేదు. 10 ఎకరాల నేలను నాలుగడుగులు ఎత్తు చేయాలంటే సుమారు 49 వేల ఘనమీటర్ల మొరం కావాలి. ఒక్కో టిప్పరు 10 ఘనమీటర్లు మోస్తుందనుకున్నా దాదాపు 5 వేల లోడ్లు, తిరుగు ప్రయాణంతో కలిపి 10 వేల రాకపోకలు. అవన్నీ బడి ముందున్న 18 అడుగుల పంచాయతీ రోడ్డు మీదుగానే వెళ్లాలి, లేఅవుట్‌కు వేరే దారి లేదు. లోపలి రోడ్లు 30 అడుగులని సంస్థ తన కరపత్రంలో గొప్పగా అచ్చు వేసింది. 30 అడుగుల రోడ్ల నుంచి బయటికి వచ్చే బండ్లన్నీ 18 అడుగుల్లో ఇరుక్కుంటాయన్న సంగతి ఆ కరపత్రానికి పట్టలేదు. పైగా ఆ మొరం ఏ కొండ నుంచి వస్తుంది? ఒడిశాలో మొరం చిన్నతరహా ఖనిజాల కిందికి వస్తుంది. రవాణాకు ‘వై’ ఫారం, అంటే రవాణా పర్మిట్, ఉండాలి. ఏ క్వారీ నుంచి, ఏ వేళల్లో, ఏ దారిన తెస్తారో ముందే రాసివ్వాలని, బడి మొదలయ్యే వేళా వదిలే వేళా లారీలు తిరగకూడదని అడిగాము. ఈ ఒక్క కోరికకు మాత్రం ఇంజనీరు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఖర్చు లేనిది కాబట్టి ఒప్పుకున్నారేమో అని మాస్టారు తర్వాత నవ్వారు.

అయితే మొత్తం వ్యవహారంలో నాకు అన్నింటికంటే తీవ్రంగా కనిపించింది పార్కు సంగతి. నక్షాలో తూర్పు అంచు పొడవునా ఆకుపచ్చ రంగు వేసి, ఖాళీ స్థలంగా చూపించారు. భూలేఖ్‌లో (ఒడిశా ఆన్‌లైన్ భూరికార్డుల్లో) సంస్థ కొన్న ప్లాట్ల నంబర్లను ఒక్కొక్కటిగా తీసి, గ్రామ నక్షా మీద పెట్టి చూస్తే, ఆ ఆకుపచ్చ పట్టీలో సగానికి పైగా వారు కొన్న భూమిలో లేదు. అది గెడ్డ గట్టు. ప్రభుత్వ ఖాతాలో ఉన్న నేల. ఊరి పశువులు నీళ్లకు దిగేదీ, దిగువ రైతులు కాలువ పూడిక తీసేటప్పుడు నడిచేదీ దాని మీదనే. అంటే చట్టం కోసం చూపించవలసిన ఖాళీ స్థలాన్ని తమ నేలలోంచి వదలకుండా, ప్రభుత్వ నేలకు రంగు వేసి లెక్కలో కలుపుకున్నారు. ఆ మేరకు అమ్మకానికి పెట్టే ప్లాట్లు పెరుగుతాయి. ఇది గీతలు గీసినవారి పొరపాటో, ఉద్దేశమో నేను చెప్పలేను. అమీన్ (ప్రభుత్వ సర్వేయరు) వచ్చి గొలుసు వేసి కొలిస్తే నేల ఎవరిదో తేలిపోతుంది. ఊరి ఉమ్మడి నేలలనూ చెరువులనూ ఇలా కలుపుకోవడాన్ని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో తీవ్రంగా ఖండించి, ఆక్రమణలను తొలగించే ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. ఆ తీర్పు ప్రతిని కూడా జత చేశాము.

“మీ భూమి కాదు గదా, మధ్యలో మీకెందుకు?” అని సంస్థ మనిషి ఒకరు అన్నారు. చాలా ఊళ్లలో ఈ ఒక్క మాటతోనే జనం వెనక్కి తగ్గుతారు. ఈ ప్రశ్నకు జవాబు 1991లోనే వచ్చింది. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించినప్పుడు చుట్టుపక్కల నివాసులు కోర్టుకెక్కారు. ఖాళీ స్థలం పోతే నష్టపోయేది ఆ ప్రాంతవాసులే కాబట్టి ప్రశ్నించే అర్హత వారికి ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుని, ఆ కేటాయింపును నిలబడనివ్వలేదు. మా మాస్టారు ఈ సంగతి చెప్పేసరికి ఆ పెద్దమనిషి మళ్లీ ఆ వాదన ఎత్తలేదు.

నిజానికి పొరుగువారు మాట్లాడటానికి మన చట్టాల్లో ఉన్న చోటు ఇరుకైనదే. పట్టణ ప్రణాళిక ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలు అడుగుతారు, కానీ అప్పటికి ఏ మడిలో ఏ లేఅవుట్ వస్తుందో ఎవరికీ తెలియదు. లేఅవుట్ వచ్చేనాటికి ప్రణాళిక ఎప్పుడో ఖరారై ఉంటుంది. పర్యావరణ అనుమతి ఉంటుంది గదా అని కొందరు ఆశపడ్డారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో టౌన్‌షిప్పులకు పెట్టిన హద్దు 50 హెక్టార్లు, మాది 4 హెక్టార్లు. కట్టడాల విస్తీర్ణం లెక్కన చూసినా 20 వేల చదరపు మీటర్లు దాటాలి. ఇక్కడ సంస్థ కట్టేది రోడ్లూ ప్రహరీ మాత్రమే, ఇళ్లను కొన్నవారు ఎవరికి వారు కట్టుకుంటారు, కాబట్టి 120 ఇళ్లూ కలిపి ఎవరి ఖాతాలోనూ పడవు. ఒకవేళ హద్దు దాటినా, భవన నిర్మాణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఆ నోటిఫికేషనే మినహాయింపు ఇచ్చింది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 500 చదరపు మీటర్లు దాటిన ప్రతి లేఅవుట్‌నూ నమోదు చేయమంటుంది, నమోదుకు ముందు ప్రకటనలూ బుకింగులూ చేయరాదంటుంది. ఇది మంచి రక్షణే, కానీ ప్రధానంగా కొనేవారికి. అందువల్ల భూమి కిసమ్ మార్పు విచారణ, పల్లి సభ (ఊరి ఓటర్ల సభ) తీర్మానం — ఈ రెండే మాకు మిగిలిన వేదికలు. పల్లి సభ అంటే సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పడం అనుకునే అలవాటు మాలోనూ ఉంది. ఈసారి అలా కాకుండా, మా గణాంకాలను చదివి వినిపించి తీర్మానం రాయించారు.

మురుగు నీటి గురించి చర్చ త్వరగా ముగిసిపోయింది, అది నాకు అసంతృప్తిగా ఉంది. ఇంటికి ఐదుగురు చొప్పున 600 మంది, పట్టణ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్లు అంటే 81 వేల లీటర్ల వాడకం. అందులో ఐదింట నాలుగు వంతులు మురుగుగా బయటికి వస్తుంది. నక్షాలో దీనికి చూపించిన పరిష్కారం ప్రతి ప్లాటుకూ ఒక సెప్టిక్ ట్యాంకు, ఒక బోరు. 40 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవున్న ప్లాట్లలో ఒకరి ట్యాంకు పక్కవారి బోరుకు ఎంత దగ్గరగా వస్తుందో గోడ కట్టేదాకా ఎవరూ చూడరు. పైగా వానాకాలంలో మా పల్లంలో రెండు మూడడుగుల లోతులోనే నీరు ఊరుతుంది. ఇంకుడు గుంతలో పోసింది ఇంకదు, పైకి తేలుతుంది. ఇందులో మొదట నష్టపోయేది మేము కాదు, ఆ ఇళ్లు కొన్నవారే. ఉమ్మడి మంచినీటి ట్యాంకు, ఉమ్మడి మురుగు శుద్ధి ఏర్పాటు చేస్తేనే అనుమతి ఇవ్వాలని రాతపూర్వకంగా కోరాము. ప్లాటు ధర పెరుగుతుందని సంస్థ అంటోంది. పెరుగుతుంది, ఆ ఖర్చు ఇప్పుడు పెట్టకపోతే పదేళ్ల తర్వాత ఆ కాలనీవాళ్లే పంచాయతీ చుట్టూ తిరగాలి.

విచారణ చివర అధికారి దరఖాస్తును అంగీకరించలేదు, కొట్టివేయనూ లేదు. అమీన్‌తో, నీటిపారుదల సిబ్బందితో ఉమ్మడి కొలత జరిపించాలని, కల్వర్టు వరకు నీటి దారిని చూపిస్తూ సవరించిన నక్షా దాఖలు చేయాలని రాశారు. ఆ నక్షా ఇంకా రాలేదు. వచ్చిన రోజున మేము చూడవలసినవి మూడున్నాయి: పూర్తయిన రోడ్డు మట్టం బడి వీధి కంటే ఎంత ఎత్తున ఉంది, ఆకుపచ్చ పట్టీ కింద రాసిన ప్లాటు నంబర్లు ఎవరి ఖాతాలోవి, ఈశాన్య మూల కాలువ గీత దాటి ఎక్కడ దాకా వెళ్లింది. దిగువన పొలాలున్న రెండు ఊళ్లవారు ఇంతవరకు అభ్యంతరం వేయలేదు. ఉమ్మడి కొలత జరిగేలోపు తమ పట్టా ప్రతులతో పంచాయతీ కార్యాలయానికి వస్తే, వారి పిటిషన్ ఒడియాలో రాసిపెట్టడానికి మాస్టారు సిద్ధంగా ఉన్నారు.