78 కూడా తిరగాలి

ఆదివారం

టిఫిన్లయ్యాక ఆయనా నేనూ టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయరు, కొనడానికి సికింద్రాబాదు వెళ్ళాం. ఇంట్లో యామహా ఏ-ఎస్301 ఆంప్లిఫయరు, ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. మరీ గొప్ప సెట్టేం కాదు, తీసిపారేసేదీ కాదు. నలభై వేలు దాటకూడదని ముందే ఒప్పందం.

సూట్‌కేసులా మూతపడే చవక ప్లేయర్ల వైపు అసలు చూడలేదు. వాటిలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జే (ముల్లు కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బీ). ముల్లు ఐదారు గ్రాముల బరువుతో రికార్డు మీద కూర్చుంటుంది. మంచి మాగ్నెట్ కార్ట్రిడ్జికి రెండు గ్రాములు చాలు. ఇన్నేళ్ళు భద్రంగా దాచుకున్న రికార్డుల్ని దానికి అప్పజెప్పడానికి మనసొప్పలేదు.

షాపు కుర్రాడు రెగా ప్లానార్ 1 అనే టర్న్‌టేబుల్ మీద ఏదో కచేరీ పెట్టాడు. తంబురా తీగ మీటాక ఆ నాదం ఆరిపోయేదాకా వినిపించింది. ఆయన అప్పుడే కార్డు బయటికి తీశారు.

"78 తిరుగుతుందా?" అని అడిగాను, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల కోసం.

"లేదు మేడమ్, 33, 45 మాత్రమే. ఇప్పుడు 78 ఎవరు వింటారు మేడమ్?"

మా మామయ్యగారు వింటారు. తెనాలి నుంచి తెచ్చుకున్న పెట్టెలో సగానికి సగం 78లే. అన్నీ పద్యాలు, నాటకాల సెట్లు. ఒక్కో వైపు మూడు నిమిషాలకి అటూ ఇటూగా పడుతుంది కాబట్టి ఒక నాటకమంటే ప్లేట్ల దొంతర. లక్కతో చేసినవి, చెయ్యి జారితే పెంకులే. అసలు ఈ కొనుగోలంతా ఆ పెట్టె కోసమే కదా! సెట్టు స్థాయికి తగ్గ టర్న్‌టేబుల్ చూసుకోమని అందరూ సలహా ఇస్తారు. నేనైతే ముందు ఇంట్లో ఏ రికార్డులున్నాయో చూసుకోమంటాను.

చివరికి ఆడియో-టెక్నికా ఎల్‌పి120ఎక్స్ తీసుకున్నాం. 33, 45, 78 మూడూ తిరుగుతాయి. అదే కచేరీ దీని మీదా విన్నాం. రెగా కంటే ఒక మెట్టు కిందే అనిపించింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దీనికి వచ్చే విఎం95ఈ కార్ట్రిడ్జిలో ముల్లు ఒక్కటే లాగి వేరేది పెట్టుకోవచ్చు, 78కి పనికొచ్చే ఎస్‌పి ముల్లుతో సహా. 33 మీద తిరిగే ఎల్పీల ముల్లు సన్నం, 78 గాడి వెడల్పు. సన్న ముల్లు పెడితే గాడి అడుగున దొర్లుతూ పాట కన్నా గరగర ఎక్కువ వినిపిస్తుంది. ఎస్‌పి ముల్లు స్టాకు లేదు, ఆర్డరు పెట్టి వచ్చాం.

సాయంత్రం బిగింపు పని నాది. వెనక బరువు తిప్పుతూ తిప్పుతూ ముల్లుండే ఆర్మ్ గాలిలో తేలి నిలిచేలా చెయ్యాలి. కాస్త ఎక్కువ తిప్పితే పైకి లేస్తుంది, తక్కువైతే ముల్లు వెళ్ళి మ్యాట్‌కి కొట్టుకుంటుంది. ఊపిరి బిగబట్టి తిప్పాను, అంత టెన్షన్! నిలిచాక అంకెల రింగుని సున్నాకి తెచ్చి, అక్కణ్ణించి బరువుతో కలిపి 2 దాకా, అంటే రెండు గ్రాములకి, తిప్పాను. వెనక ఫోనో, లైన్ అని స్విచ్ ఉంది. లైన్‌లో పెడితే ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని లోపలున్న ప్రీఆంప్ పెంచి పంపుతుంది, ఫోనోలో ఉన్నదున్నట్టే పంపుతుంది. మా యామహాలో ఫోనో ఇన్‌పుట్ ఉంది కాబట్టి దీన్నీ ఫోనోలోనే ఉంచాను. లైన్‌లో పెట్టి ఫోనో ఇన్‌పుట్‌కే కలిపితే దీనిదీ యామహాదీ రెండు ప్రీఆంప్‌లు ఒకదాని మీద ఒకటి పడి గొంతు పగిలిపోతుంది.

మామయ్యగారు కుర్చీ దగ్గరకి లాక్కుని అంతా చూశారు.

"అమ్మాయ్, ప్లేటు ప్లేటుకీ ముల్లు మార్చాలా?"

"అక్కర్లేదు మామయ్యగారూ, ఇది స్టీలు ముల్లు కాదు. వజ్రం."

"వజ్రమా! మీ అత్తయ్యకి చెప్పకు."

ముల్లు వచ్చేదాకా ఆయనకి ఎల్పీలే గతి. ఘంటసాల పద్యాల ఎల్పీ పెట్టాను. వాల్యూమ్ పెంచగానే గుయ్‌మని మోత. స్పీకర్లున్న బల్ల మీదే దీన్నీ పెట్టాం మరి, అదురంతా ముల్లుకెక్కుతోంది. గోడకి విడిగా ఒక చెక్క కొట్టించాలి. రేపు వడ్రంగికి ఫోన్ చెయ్యాలి.