మొత్తానికి కారు వచ్చింది

చాలా వెతికాక ఒక డీలరు దగ్గర పాత కారు తీసుకున్నాం. కారు కన్నా, అమ్మినాయన తీరే నాకు ఎక్కువ నచ్చింది. "పొద్దున్నే రండి, ఇంజిన్ చల్లగా ఉండగానే మీరే స్టార్ట్ చేసి చూసుకోండి" అని ఆయనే చెప్పారు. వేడెక్కిన ఇంజిన్ చాలా లోపాలను దాచేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి తిప్పితే లోపలి చప్పుడు, పొగ రంగు బయటపడతాయి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టే.

అంతకుముందు చూసిన చోట పరిస్థితి వేరు. మీటరు చూస్తే కారు పెద్దగా తిరగనట్టే ఉంది. కానీ బ్రేకు పెడల్ మీది రబ్బరు గీతలు అరిగి నున్నబడ్డాయి, స్టీరింగ్ మీద చేతులు పడేచోట తోలు మెరుస్తోంది, అంటే మీటరు చెప్పేదానికన్నా కారు చాలా ఎక్కువే తిరిగినట్టుంది. సర్వీసు రికార్డులు అడిగితే మాట మార్చారు. పైసా పైసా కూడబెట్టుకుని వచ్చేవాళ్లను అలా మభ్యపెట్టడం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈయన టైరు పక్కనున్న నాలుగంకెలు చదవడం కూడా నేర్పారు. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. మా కారుకు ఒక టైరు మిగతావాటికన్నా కొత్తది. ఎందుకు మార్చారో బిల్లు తీసి చూపించారు. ఛాసిస్ నంబరులోని 17 అక్షరాలు, అంకెలు కాగితాలతో ఒక్కొక్కటిగా సరిచూసుకోనిచ్చారు. మా మెకానిక్‌ను తెచ్చుకుంటామంటే ముఖం చిట్లించలేదు. క్లచ్ త్వరలో మార్చాల్సి వస్తుందని మెకానిక్ అనగానే ఒప్పుకుని ధర తగ్గించారు.

ఎవరైనా పాత కారు వెతుకుతుంటే మెసేజ్ పెట్టండి, ఆయన వివరాలు ఇస్తాను.