ఇంప్లాంట్ కంటే ముందు చిగుళ్ళు

కింది దవడలో ఒక పన్ను కదిలిపోతే తీయించేశాను. ఆ ఖాళీలో ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి దానిపైన అమర్చే పన్ను, పెట్టించుకుందామని విశాఖ ద్వారకానగర్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళాను. ఖర్చు సంగతి తర్వాత, ముందు మిగతా పళ్ళ చిగుళ్ళు చూస్తానన్నారు డాక్టరు గారు.

మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు సందులోకి దించి, అంకెలు పైకి చెబుతుంటే అసిస్టెంట్ అమ్మాయి రాసుకుంది. "రెండు, మూడు, రెండు" అని సాగింది కాస్తా వెనక పళ్ళకొచ్చేసరికి "ఐదు, ఆరు, రక్తం" అయింది. మూడు మిల్లీమీటర్ల లోతు దాకా పర్వాలేదట.

"అమ్మా, మీ పన్ను పుచ్చి పోలేదు. చిగుళ్ళ జబ్బుతో కింద ఎముక కరిగి వదులైంది. ఆ జబ్బు నోట్లో ఉండగానే ఇంప్లాంట్ పెడితే దాని చుట్టూ ఎముక కూడా అలాగే కరగొచ్చు" అన్నారు.

టైటానియం పుచ్చదు కదా అనడిగాను. పుచ్చదు. కానీ అసలు పంటిని ఎముకతో కలిపి పట్టి ఉంచే నార పోగులు ఇంప్లాంట్‌కి ఉండవు, అది నేరుగా ఎముకకే అతుక్కుంటుంది. దాని చుట్టూ ఇన్ఫెక్షన్ మొదలైతే తొందరగా లోపలికి పాకుతుంది, నయం చేయడమూ కష్టమే. నాకీ విషయం అంతకుముందు ఎవరూ చెప్పలేదు. మరో చోటైతే నోరు సరిగ్గా చూడకుండానే ఈ వారమే పెట్టేస్తామన్నారు. తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

మత్తు ఇచ్చి చిగుళ్ళ అడుగున వేళ్ళకి పట్టిన గార గీకేశారు. రెండు మూడు రోజులు సలుపు, ఆ తర్వాత చాలాకాలం చల్లనీళ్ళు తాగితే జివ్వుమనడం. నాకు షుగర్ ఉంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో (HbA1c) 8.6 ఉంటే 7 దగ్గరికి తెచ్చుకోమన్నారు. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు తొందరగా మానవు, చిగుళ్ళలో వాపుంటే షుగరూ ఓ పట్టాన దిగదు. రోజూ రాత్రి పళ్ళ సందుల్లో చిన్న బ్రష్ దూర్చి తోముకోవడం అప్పుడే అలవాటైంది. మొదట్లో దానికి రక్తం అంటేది, మెల్లగా ఆగింది.

రెండు నెలలు దాటాక మళ్ళీ కొలిస్తే ఆరు ఉన్న చోట నాలుగైంది, రక్తం లేదు. అప్పుడు ఎముక స్కాన్ తీసి ఇంప్లాంట్ పెట్టారు. అది ఎముకలో కుదురుకున్నాక క్యాప్ వేశారు. నిజానికి ఆ పని చాలా తేలిగ్గా అయిపోయింది. ఇప్పుడు చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా దాని చుట్టూ కూడా కొలుస్తున్నారు.

గాజువాకలో ఉండే మా వదినకి ముందు పళ్ళు కదులుతున్నాయి. ఇంప్లాంట్‌ల గురించి అడుగుతోంది. రుషికొండ గీతం డెంటల్ కాలేజీలో చిగుళ్ళ విభాగానికి సోమవారం నేనే తీసుకెళ్తున్నాను.