చేతులు మారిన పద్యాలు

ఈమధ్య నన్ను పట్టుకుని వదలనిది డెవన్‌షైర్ రాతప్రతి. 1530లలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కొలువులో చేతులు మారిన పద్యాల పుస్తకం. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆన్‌లైన్‌లో దాని పాఠం కొంచెం కొంచెంగా చదువుతున్నా.

మేరీ షెల్టన్, మార్గరెట్ డగ్లస్ లాంటి కొలువులోని ఆడవాళ్లు, వాళ్ల స్నేహితులు నచ్చిన పద్యాలు ఇందులో ఎక్కించుకున్నారు. ఒకదానిలో చరణాల మొదటి అక్షరాలు కలిపితే షెల్టన్ పేరు వస్తుంది. దాని పక్కన ఒకరు ‘ఇది మర్చిపో’ అని, ఇంకొకరు ‘విలువైనదే’ అని రాశారు. అచ్చం మన వాట్సాప్ గ్రూపే!

కానీ సరదా ఎంతోసేపు లేదు. మార్గరెట్ రాజుగారి మేనకోడలు. ఆయనకు చెప్పకుండా థామస్ హోవర్డ్‌తో పెళ్లి మాట కలుపుకుందని 1536లో ఇద్దరినీ లండన్ టవర్ కోటలో ఖైదు పెట్టారు. ఆ విరహ పద్యాలూ ఇందులోనే ఉన్నాయి. హోవర్డ్ 1537లో అక్కడే చనిపోయాడు.

ఈ పుస్తకంలో ఎక్కువ పద్యాలు అదే కొలువులోని కవి థామస్ వయట్‌వి. నిజం చెప్పొద్దూ, ఆయన ప్రేమ ఫిర్యాదులు వరసగా చదివితే విసుగే. అయితే రాజుగారి రెండో భార్య ఆన్ బొలీన్‌కు మరణశిక్ష పడిన 1536 మే నెలలో ఆయనా టవర్‌లో ఖైదీయే. అది తెలిశాక ‘నమ్మినవాళ్లు వదిలేశారు’ అనే మాట ఒక్క ప్రేయసి గురించే అనిపించడం లేదు. ఆయన పోయాక 1557లో అచ్చు వేసినవాళ్లు ఆయన పద్యాల్లో లయ తడబడే గరుకు పాదాలను నున్నగా దిద్దారు. నాకైతే గరుకువే ఇష్టం.