నాలుగు అరచేతుల మేర రబ్బరు

కారు గురించి మాట్లాడేవాళ్లు ఇంజనుతో మొదలుపెట్టి మైలేజీతో ముగిస్తారు. పంక్చరైతే తప్ప టైరు మాట ఎవరూ ఎత్తరు. భౌతికశాస్త్రం చెప్పుకుని బతికే నాకు ఇది కాస్త చిన్నతనంగా ఉంటుంది. కారును కదిలించేది, మలుపు తిప్పేది, ఆపేది అన్నీ ఒక్కటే: టైరుకూ రోడ్డుకూ మధ్య పుట్టే ఘర్షణ. ఇంజను చక్రాన్ని తిప్పగలదు, అంతవరకే దాని పని. చక్రం రోడ్డును వెనక్కి నెట్టబోతే రోడ్డు కారును ముందుకు నెడుతుంది. బ్రేకు సంగతీ అంతే. బ్రేకు ఆపేది చక్రాన్ని. కారును ఆపాల్సింది రోడ్డే.

ఆ రోడ్డును కారు ఎంత మేర తాకుతోందో చూడండి. కారు బరువు 1200 కిలోలనుకుంటే ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోలు పడుతుంది. టైరులో 32 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని చెప్పే కొలత) గాలి ఉందంటే చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోల ఒత్తిడి. 300ని 2.25తో భాగిస్తే 133 చదరపు సెంటీమీటర్లు వస్తాయి. టైరు గోడల బిగువు వల్ల ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ, మొత్తం మీద అది ఒక అరచేయి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని పరుగెత్తే కారుకు నేలతో ఉన్న సంబంధం నాలుగు అరచేతుల మేర రబ్బరే.

ఇక్కడ పిల్లలు తప్పకుండా తడబడే విషయం ఒకటుంది. తిరుగుతున్న చక్రానికి పనికొచ్చేది జారుడు ఘర్షణ కాదు, స్థైతిక ఘర్షణ, అంటే తాకుతున్న రెండూ ఒకదాని మీద ఒకటి జారనప్పుడు ఉండే ఘర్షణ. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారులో చక్రం పైభాగం నేలతో పోలిస్తే 200తో పోతుంటే, నేలను తాకిన భాగం ఆ క్షణానికి దాదాపు నిలిచి ఉంటుంది. నమ్మకం లేకపోతే తడి ఇసుక మీద కారు పోయిన జాడ చూడండి. టైరు గాడులు ముద్ర గుద్దినట్టు పడతాయి. చక్రం ఈడ్చుకుపోయిన చోట మాత్రం గీతలన్నీ అలుక్కుపోయి ఉంటాయి.

రబ్బరు సాగే పదార్థం కాబట్టి గట్టిగా బ్రేకు వేసినప్పుడు కొద్దిగా జారుతూనే పట్టుకుంటుంది. చక్రం వేగం కారు వేగం కన్నా 10 నుంచి 20 శాతం తగ్గినప్పుడు పట్టు అత్యధికం. చక్రం పూర్తిగా బిగుసుకుపోతే పట్టు తగ్గుతుంది, పైగా స్టీరింగు ఎటు తిప్పినా కారు వినదు. చక్రం బిగుసుకోకుండా కాపాడే బ్రేకు ఏర్పాటు ఏబీఎస్ చేసేదల్లా చక్రం బిగుసుకోబోతే వదలడం, మళ్లీ పట్టడం, సెకనుకు చాలాసార్లు. అప్పుడు పాదం కింద పెడలు గడగడలాడుతుంది. ఏదో విరిగిందని భయపడి కాలు తీసేసేవాళ్లను చూశాను. తీయకూడదు, ఇంకా గట్టిగా తొక్కాలి.

ఎంత దూరంలో ఆగుతామన్నది వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి, రోడ్డు పట్టు ఎంతో చెప్పే సంఖ్య అయిన ఘర్షణ గుణకాన్ని బట్టి ఉంటుంది. పొడి తారు రోడ్డుకు గుణకం 0.8 అనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక సుమారు 18 మీటర్లలో కారు ఆగుతుంది. తడి రోడ్డు మీద అది 0.4కు పడిపోతే 35 మీటర్లు కావాలి. గుణకం 0.1 ఉండే మంచు పలక మీదైతే 140 మీటర్లు. పొడి రోడ్డే అయినా వేగం 120 అయితే 18 కాస్తా 71 అవుతుంది. కాలు బ్రేకు మీదకు చేరేలోగా పోయే దూరం వీటిలో లేదు. 60 వేగంలో ఒక్క సెకను ఆలస్యమైనా 17 మీటర్లు దాటిపోతాం.

నన్నడిగితే వీటన్నిటికన్నా ముఖ్యమైనది మలుపు. టైరు దగ్గర ఉన్న పట్టు నెల జీతం లాంటిది: బ్రేకుకైనా మలుపుకైనా అందులోంచే తీయాలి. అయితే ఇక్కడి తీసివేత మామూలు తీసివేత కాదు, లంబకోణ త్రిభుజం లెక్క: రెండు వాటాల వర్గాలు కలిస్తే మొత్తం పట్టు వర్గం అవుతుంది. పట్టులో 80 శాతం మలుపుకు పోతే బ్రేకుకు 60 శాతం మిగులుతుంది. నూటికి నూరూ మలుపే వాడుకుంటే బ్రేకుకు మిగిలేది సున్నా. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న చదును మలుపులో పొడి రోడ్డు మీద 71 కిలోమీటర్ల వేగం దాకా కారు నిలబడుతుంది. తడిగా ఉంటే 50 దగ్గరే హద్దు. ఆ హద్దు మీద ఉండగా కంగారుపడి బ్రేకు తొక్కితే కారు రోడ్డు విడిచి పోతుంది. అందుకే బ్రేకు పని మలుపుకు ముందే, కారు తిన్నగా ఉన్నప్పుడే కానిచ్చేయాలి.

రేసు కార్లకు గాడులే లేని టైర్లు వేస్తారు కదా అని అడిగే తెలివైనవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నిజమే. పొడి రోడ్డు మీద గాడి అంటే రబ్బరు తాకని ఖాళీ జాగా, అంతే. కానీ వాన పడితే ఆ రేసు కార్లే టైర్లు మార్చుకోవడానికి పరుగున వస్తాయి. గాడులు ఉన్నది నీటిని పక్కకు తోడెయ్యడానికి. వేగం పెరిగి నీరు తప్పుకునే వ్యవధి లేకపోతే టైరు నీటిపొర మీద తేలుతుంది. స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోవడమే దాని గుర్తు. అప్పుడు బ్రేకు జోలికి పోకుండా, స్టీరింగు తిప్పకుండా, ఆక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీయాలి. చాలా రోజుల ఎండ తర్వాత పడే తొలి చినుకులు మరీ చెడ్డవి. రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడు పూత అవుతాయి.

గాలి తగ్గిస్తే టైరు ఎక్కువ మేర తాకి పట్టు పెరుగుతుందనే వాదన కూడా వింటుంటాను. ఇసుకలో ఇరుక్కున్నప్పుడు అది పనికొస్తుంది. తారు రోడ్డు మీద మాత్రం టైరు ఊరికే నలిగి వేడెక్కుతుంది, స్టీరింగు మాట ఆలస్యంగా వింటుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది.

గాడుల అడుగున అక్కడక్కడ చిన్న అడ్డుకట్టలుంటాయి, వేలు పెడితే తగులుతాయి. కొత్త టైరులో గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. అరిగి ఆ కట్టతో సమానమైందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునేది అంతవరకే. నేను 3 దగ్గరే మార్చేస్తాను. రెండే మారుస్తుంటే కొత్తవి వెనక వేయిస్తాను, ముందు చక్రాలే కారును లాగుతున్నా సరే. మెకానిక్కులు చాలామంది దీనికి వింతగా చూస్తారు. ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, కాలు తీస్తే పట్టు మళ్లీ దొరికే అవకాశం ఉంది. వెనకవి జారితే కారు బొంగరంలా తిరుగుతుంది, దాన్ని దారికి తేగల చెయ్యి నాకైతే లేదు.