మోకాళ్ళ పర్వతం దగ్గర

చీర కుచ్చెళ్ళను మోకాళ్ళ కిందికి మడిచి పెట్టుకుని ఒక పెద్దామె మోకాళ్ళ మీదే పైమెట్టుకు జరుగుతుంటే, అనాటమీ చదివినందుకో ఏమో, నా ధ్యాస గోవింద నామాల మీద కాక ఆమె మోకాలి చిప్పల మీదికి పోయింది.

తొడ ముందు కండరాలను ఎముకకు కలిపే స్నాయువులో పొదిగి ఉండే ఆ చిప్ప, స్నాయువును కీలుకు కాస్త ముందుకు ఎత్తిపట్టడం వల్లనే కాలు చాపడానికి కండరానికి తగిన పట్టు దొరుకుతుంది. పుట్టినప్పుడు అది ఇంకా మృదులాస్థే. సాధారణంగా 3 నుంచి 6 ఏళ్ళ మధ్య ఎముకగా మారడం మొదలవుతుంది.

ఒక్కో కాలిలోని 30 ఎముకల్లో 26 పాదానివే. మోకాలి కింద బరువులో చాలా భాగాన్ని టిబియా అనే ఎముక మోస్తుంది. నాకు మాత్రం పక్కనే సన్నగా, కండరాలకు ఆధారంగా ఉండే ఫిబులా అంటేనే ఇష్టం. చీలమండ బయటివైపు చేతికి తగిలే గుబ్బ దాని చివరే.